స్టేటస్ పెడితే సస్పెన్షనేనా?

సంపాదకులకు,

ఎన్నికలొస్తే చాలు, వాట్సాప్ స్టేటస్ చూసి ప్రభుత్వ ఉద్యోగులకు మెమోలు ఇవ్వడం మామూలైపోయింది. 1964 నాటి ప్రవర్తన నియమావళిలో ఉన్నదేమిటో ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ కూడా సరిగ్గా తెలియదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో 5వది రాజకీయాలకు సంబంధించింది. పార్టీ సభ్యత్వం, ప్రచారం, చందా కుదరవు. ఓటు వేయొచ్చు గానీ ఎవరికి వేశారో, వేస్తారో సూచనగానైనా చెప్పకూడదు. బండి మీద పార్టీ ఎన్నికల గుర్తు స్టిక్కర్ అంటించినా, ఇంటి మీద ఆ గుర్తు పెట్టినా ఎన్నికల్లో తన పలుకుబడి వాడినట్టే లెక్క. 9వ నియమం ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించకూడదంటుంది. మారుపేరుతో రాసినా వర్తిస్తుంది, కాబట్టి ఫేక్ ఐడీ రక్షణ కాదు. అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే మాత్రం అది మెమోతో పోయేది కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఎ కింద 3 నెలల వరకు జైలు.

అయితే సభకు వెళ్లి వినడం వేరు, వేదికెక్కడం వేరు. ర్యాలీకి వెళ్లిందనీ, ఫేస్‌బుక్‌లో రాసిందనీ రిటైర్మెంట్‌కు 4 రోజుల ముందు సస్పెండ్ చేసిన ఉద్యోగిని కేసులో త్రిపుర హైకోర్టు 2020లో ఈ తేడానే ఎత్తిచూపి, ఆమె పక్షాన తీర్పిచ్చింది.

మెమో అందితే భయపడి ఫోన్లో క్షమాపణలు చెప్పొద్దు. ఏ నియమం, ఏ తేదీ పోస్టు, స్క్రీన్‌షాట్ ఏది అని రాతపూర్వకంగా అడగండి. పోస్టు తీసేసినా స్క్రీన్‌షాట్ పోదు. అధికారులు కూడా, ఫార్వర్డ్‌కూ సొంత రాతకూ తేడా చూడకుండా నోటీసుల్లో ఒకే పేరా అతికించడం మానాలి.

– సర్వీసు నిబంధనలు తెలిసిన కొందరు పాఠకులు