చేరేటప్పుడే చెప్పండి సార్: విద్యాశాఖ మంత్రి గారికి ఒక నెట్ సెంటర్ వాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి, పిల్లలకి ఎవరూ చెప్పని బ్రిడ్జి కోర్సుల గురించి రాస్తున్నాను. ఒక గ్రూపు చదివినవాళ్లు ఇంకో రకం చదువులోకి మారడానికి అదనంగా చదవాల్సిన సబ్జెక్టులవి. నాది రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను ఉన్న చిన్న కొట్టు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గుమ్మం ముందు చెప్పులు కుప్ప పడి ఉంటాయి. ఈఏపీసెట్, ఈసెట్, పాలిసెట్, డిగ్రీ అడ్మిషన్లు, పారామెడికల్ కోర్సులు... దరఖాస్తు ఏదైనా మా దగ్గరికే వస్తారు. మెమోలు, కులం సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కించడం నా పని. ఏ కోర్సులో చేరాలో చెప్పడం నా పని కాదు. చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరక్క నన్ను అడుగుతుంటారు.

కిందటేడు ఫిరంగిపురం వైపు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ పని నేర్పే కోర్సు, చదివింది, మంచి మార్కులు. బీఎస్సీ ఎంఎల్‌టీకి దరఖాస్తు పెట్టాలట. అర్హతల పేజీ తెరిచాను. ఒకేషనల్ వాళ్లు బయలాజికల్, ఫిజికల్ సైన్సెస్‌లో బ్రిడ్జి కోర్సు పాసై ఉండాలని రాసి ఉంది.

"బ్రిడ్జి కోర్సు రాశావా అమ్మా?" అన్నాను.

"అదేంటి అంకుల్?" అంది.

వాళ్ల నాన్న మెమో నా ముందుకు జరిపి, "అన్నీ పాసయింది బాబూ, సరిగ్గా చూడు" అన్నాడు. రెండేళ్లు ల్యాబ్ పనే నేర్చుకున్న పిల్లకి ల్యాబ్ డిగ్రీలోకి దారి మూసుకుపోయిందని ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వాళ్ల కాలేజీకి ఫోన్ చేస్తే, నోటీసు బోర్డులో పెట్టాం కదా అన్నారు. ఆ నోటీసు ఏ భాషలో ఉందని అడిగాను. ఫోన్ పెట్టేశారు.

ఇది ఒక్క పిల్ల గొడవైతే మీకు రాసేవాణ్ని కాదు. ప్రతి సీజన్లో ఇలాంటివాళ్లు వస్తూనే ఉన్నారు. ఒకేషనల్ వాళ్లకి రెగ్యులర్ పరీక్షలతో పాటు ఈ బ్రిడ్జి పేపర్లు ఉంటాయి. ముందే తెలిసినవాడు ఫీజు కట్టి రాసుకుంటాడు, తెలియనివాడు ఏడాది పోగొట్టుకుంటాడు. బైపీసీ పిల్లల సంగతీ అంతే. ఏళ్ల తరబడి ఇంటర్ టైంటేబుల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కనే ఒక ముక్క ఉంటూ వచ్చింది: బ్రిడ్జి కోర్సు మ్యాథ్స్, బైపీసీ విద్యార్థులకు. ఆ టైంటేబుల్ నేను వందల కాపీలు ప్రింట్ తీసి అమ్మాను. ఆ ముక్క ఎందుకుందని అడిగిన పిల్లాడు ఇప్పటిదాకా తగల్లేదు.

ఒకేషనల్ అంటే చదువు కాగానే పనిలో చేరే కోర్సు, వాళ్లకి యూనివర్సిటీ ఎందుకు అని మీ శాఖలో ఎవరైనా అనొచ్చు. పదో తరగతి పాసైన పిల్లకి పదిహేనేళ్లుంటాయి సార్. అప్పుడు తీసుకున్న నిర్ణయం పదిహేడో ఏట మారకూడదా? మారినా దారి దొరకాలనే కదా ప్రభుత్వం ఈ బ్రిడ్జి పేపర్లు పెట్టింది. పెట్టిన సంగతి పిల్లలకి చెప్పకపోవడం దగ్గరే నా తగాదా.

ఇంకో చిక్కుంది. బ్రిడ్జి కోర్సు అనే ఒక్క పేరు మీద నాలుగు రకాల సరుకు చలామణీ అవుతోంది. ఇంటర్ బోర్డు పరీక్ష ఒకటి, అది పాసైతేనే అర్హత. కాలేజీలో చేరాక వెనకబడ్డ సబ్జెక్టు కోసం చెప్పేది ఇంకొకటి. కోచింగ్ సెంటర్ వాళ్లు మే నెలలో బ్యానర్ కట్టి అమ్మేది మూడోది. బీటెక్ మొదట్లో ఇండక్షన్ పేరుతో జరిగేదాన్ని కూడా కొన్నిచోట్ల ఇదే పేరుతో పిలుస్తున్నారు. ఏది తప్పనిసరి, ఏది ఉచితం, ఏది అక్కర్లేదు అన్నది తల్లిదండ్రులకి ఎలా తెలుస్తుంది?

బైపీసీ చదివిన మా పక్కవీధి కుర్రాడు బీఫార్మసీలో సీటు తెచ్చుకున్నాడు. మ్యాథ్స్ రాకపోతే కష్టమని ఎవరో భయపెడితే విజయవాడలో హాస్టల్లో ఉండి, అప్పు తెచ్చిన డబ్బుతో రెండు నెలలు మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు చేశాడు. తీరా కాలేజీలో చేరితే మొదటి సెమిస్టర్లోనే రెమెడియల్ మ్యాథమెటిక్స్ అని ఒక పేపరుంది. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో బైపీసీ వాళ్లకి అది, ఎంపీసీ వాళ్లకి రెమెడియల్ బయాలజీ ముందే రాసి ఉన్నాయి. ఒక్క కాగితం చూపించి ఉంటే వాళ్లమ్మ గాజులు తాకట్టులోకి వెళ్లేవి కావు.

నిజంగా అవసరమైన వాళ్లకేమో ఏమీ దొరకదు. పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే పిల్లల్నే చూడండి. ఈసెట్లో 200 మార్కులకి 100 ఇంజనీరింగ్ సబ్జెక్టువే, అక్కడ వీళ్లు దడదడలాడిస్తారు. కానీ పక్క బెంచీ వాళ్లు మొదటి ఏడాదిలో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్ చదివేసి ఉంటారు. వీళ్లు ఆ క్లాసుల్లో కూర్చోనేలేదు. మూడో సెమిస్టర్ ఫలితాలొచ్చాక రీవాల్యుయేషన్ ఫీజు కట్టడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో వీళ్లే ఎక్కువ. చేరకముందు నెలరోజులు ఆ లెక్కలు చెప్పిస్తే ఎంత మేలు! 2021-22 హ్యాండ్‌బుక్‌లోనే ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ, వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చే పిల్లలకి యూనివర్సిటీలు మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో బ్రిడ్జి కోర్సులు పెట్టాలని రాసింది. ఎంతమంది పెట్టారో మీరే కనుక్కోండి.

తెలుగు మీడియం పిల్లల గురించి ఒక్క మాట. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోకి మారింది. అది మంచిదా చెడ్డదా అనే వాదన ఇక్కడొద్దు. సమాకలనం బ్రహ్మాండంగా చేసే పిల్లాడు ఇంటిగ్రేషన్ అనగానే బిక్కమొహం వేస్తే వాడికి లెక్కలు రానట్టా? వాడికి కావాల్సింది పదిహేను రోజుల పాటు మాటల పట్టిక, దాన్ని ఓపికగా చెప్పే మాస్టారు. గుంటూరు, విజయవాడల్లో ప్రభుత్వ కాలేజీల గదులు వేసవంతా ఖాళీగానే ఉంటాయి. మార్చిలో పరీక్షలైపోయాక పిల్లలూ నెలల తరబడి ఖాళీయే.

నేను అడిగేది పెద్ద పథకం కాదు, దానికో పేరూ అక్కర్లేదు. ఇంటర్ అడ్మిషన్ ఫారం వెనక తెలుగులో ఒక పేరా అచ్చు వేయించండి. ఈ గ్రూపుతో ఏ డిగ్రీకి వెళ్లొచ్చో, దేనికి ఏ బ్రిడ్జి పేపరు రాయాలో, ఫీజు ఎప్పుడు కట్టాలో అందులో ఉండాలి. దాని కింద తండ్రో తల్లో సంతకం పెట్టాలి. ఒకేషనల్ పిల్లల్ని అదే కాలేజీలో ఎంపీసీ, బైపీసీ లెక్చరర్ల దగ్గర వారానికి కొన్ని గంటలు కూర్చోబెట్టండి. పరీక్ష పెట్టి పాఠం చెప్పకపోతే ఎలా?

ఆ పేరా ఎలా ఉండాలో నాకు తోచినట్టు టైప్ చేసి మా కొట్టు అద్దానికి అంటించాను. ఒక కాపీ ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసుకి పంపుతున్నాను. నేను డిగ్రీ తప్పినవాణ్ని, అందులో పొరపాట్లు ఉంటాయి. మీ అధికారుల చేత దిద్దించి పంపితే పాతది చింపేసి అది అంటిస్తాను.

ఇట్లు,
నెట్ సెంటర్ యజమాని,
బ్రాడీపేట, గుంటూరు