కమోడోర్ 64 కార్ట్రిడ్జ్‌కి ఒక స్విచ్

ఒరేయ్ శీనూ,

కార్ట్రిడ్జ్ (ప్రోగ్రాం ఉన్న రోమ్ చిప్‌తో కంప్యూటర్ వెనక గుచ్చే డబ్బా) పీకకుండా, ఆన్ చెయ్యగానే మామూలుగా వచ్చే బేసిక్ భాషలోకి ఎలా వెళ్ళాలని అడిగావు కదా. ఒక్క స్విచ్ చాలురా. అది ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, ఆన్ చెయ్యగానే కమోడోర్ 64 అనే ఆ పాత హోమ్ కంప్యూటర్ ఏం చేస్తుందో ముందు చూడాలి.

రీసెట్ అవ్వగానే కెర్నల్, అంటే కంప్యూటర్ రోమ్‌లో ఉండే మూల ప్రోగ్రాం, మెమరీలో 32772 నుంచి 32776 దాకా అడ్రస్‌లలోని ఐదు బైట్లు చదువుతుంది. అక్కడ వరసగా 195, 194, 205, 56, 48 కనిపించాయా, ఇక బేసిక్ ఊసెత్తదు. 32768, 32769లలో ఉన్న అడ్రస్‌కి దూకేస్తుంది. అవి 'సీబీఎం80' అన్న అక్షరాలే, మొదటి మూడింటికీ 128 కలిపారంతే. సొంతంగా ఈప్రామ్ (చెరిపి మళ్ళీ రాసుకునే రోమ్ చిప్) రాసేటప్పుడు ఆ 128 మర్చిపోయి 67, 66, 77 అని రాస్తే మాత్రం కార్ట్రిడ్జ్ ఉలకదు, పలకదు.

ఇక స్విచ్. 8కే (8 కిలోబైట్ల) కార్ట్రిడ్జ్‌లో 9వ పిన్ను, అంటే కార్ట్రిడ్జ్ రోమ్ ఉందని కంప్యూటర్‌కి చెప్పే ఎక్స్‌రోమ్ లైన్, బోర్డు మీదే గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. ఆ ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) కోసి, మధ్యలో చిన్న ఆన్-ఆఫ్ స్విచ్ టంకం పెట్టు. స్విచ్ తెరిచి ఉంచి ఆన్ చేస్తే కంప్యూటర్ లోపలి పుల్-అప్ రెసిస్టర్ ఆ లైన్ వోల్టేజిని పైకి లాగుతుంది. దాంతో రోమ్ మాయమై, 38911 బైట్లతో బేసిక్ వస్తుంది. ప్రోగ్రాం నడుస్తుండగా మాత్రం స్విచ్ ముట్టుకోకు. ప్రాసెసర్ కాళ్ళ కింద కోడ్ లేకుండా పోయి బిగుసుకుపోతుంది.

16కే అయితే జాగ్రత్తరా! అందులో 8వ పిన్ను, అంటే 'గేమ్' అనే ఇంకో లైన్, కూడా గ్రౌండ్‌లోనే ఉంటుంది. ఎక్స్‌రోమ్ ఒక్కటే తెంపితే మెషీన్ అల్టిమాక్స్ అనే వేరే మెమరీ అమరికలోకి జారి, కెర్నలే కనపడకుండా పోతుంది. రెండు లైన్లనీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ స్విచ్ తీసుకో.

ఇంకో చిక్కుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ ఐదు బైట్లనీ ర్యామ్‌లోనే రాసుకుంటాయి. రీసెట్ నొక్కినా ర్యామ్ చెరగదు కాబట్టి మళ్ళీ వాటి దగ్గరికే పోతావు. అప్పుడు కార్ట్రిడ్జ్ లేకుండా, అది గుచ్చే స్లాట్‌లోని 9వ పిన్నుని గ్రౌండ్‌కి పట్టి ఉంచి రీసెట్ నొక్కు. 32768 దగ్గర ర్యామ్ బదులు ఖాళీ బస్ (ఏ చిప్పూ జవాబివ్వని డేటా లైన్లు) కనిపిస్తుంది, ఆ ఐదు బైట్ల గుర్తు దొరక్క బేసిక్ వచ్చేస్తుంది. స్క్రీన్ మీద బేసిక్ బ్యానర్ వచ్చేదాకా వదలకు. 30719 బైట్లే చూపిస్తే కంగారు పడకు, మెమరీ పరీక్ష 32768 దగ్గర ఆగిందన్నమాట. గ్రౌండ్‌కి 1వ పిన్ను వాడితే చెయ్యి జారనీకు, దాని పక్కనున్న 2, 3 పిన్నుల్లో 5 వోల్టులుంటాయి.

సొంత ఈప్రామ్‌లో 32770, 32771 ఖాళీగా వదలొద్దు. రీస్టోర్ కీ నొక్కితే కెర్నల్ దూకేది ఆ అడ్రస్‌కే. 188, 254 పెడితే చాలు, కీ నొక్కినా ఏమీ జరగనట్టు తిరిగొచ్చేస్తుంది.

ముందు 8కే బోర్డు మీద చేసి, స్క్రీన్ మీద ఎన్ని బైట్లు చూపించిందో రాయి.

ఉంటాను మరి,
నీ మిత్రుడు