గ్లిజరిన్ లెక్క ఏ పద్ధతిలో తేల్చారు?

సంపాదకుడు గారికి,

నగరంలో తీసుకున్న పారదర్శక సబ్బుల శాంపిళ్లలో ‘గ్లిజరిన్ తగినంత ఉంది’ అని తేలినట్టు పోయిన వారం మీ పత్రికలో చదివాను. అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఏ పద్ధతిలో తేలింది? ఆ ముక్క వార్తలోనూ లేదు, అధికారుల మాటల్లోనూ లేదు.

ముప్పై ఏళ్లు సబ్బుల ల్యాబ్‌లో బ్యూరెట్ (ద్రావణాలు కొలిచే గాజు గొట్టం) పట్టినవాణ్ణి. సబ్బు కరిగించి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కొవ్వు ఆమ్లాలు పైకి తేలతాయి. అవి తీసేస్తే గ్లిజరిన్ అడుగు నీళ్లలో ఉంటుంది. ఆ నీళ్లను తటస్థం చేసి, సోడియం పెరయోడేట్ అనే రసాయనం కలిపి అరగంట చీకట్లో ఉంచితే గ్లిజరిన్ విరిగి ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. దాన్ని కాస్టిక్ సోడాతో టైట్రేట్ చేస్తాం, అంటే సోడా ద్రావణం బొట్టుబొట్టుగా పోసి ఆ ఆమ్లం విరగడానికి ఎంత పట్టిందో కొలుస్తాం. 0.1 నార్మల్ గాఢత ఉన్న ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు ఖర్చయితే 9.21 మిల్లీగ్రాముల గ్లిజరిన్ ఉన్నట్టు లెక్క.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. సబ్బు గాజులా మెరవడానికి చక్కెర, సార్బిటాల్ (చక్కెర జాతి పదార్థం) కూడా పోస్తారు. పెరయోడేట్ వాటినీ వదలదు, వాటి నుంచీ ఫార్మిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఒక గ్రాము సార్బిటాల్ ఈ పరీక్షలో సుమారు రెండు గ్రాముల గ్లిజరిన్‌గా లెక్కకొస్తుంది! అంటే గ్లిజరిన్ తగ్గించి సార్బిటాల్ పోసినవాడికే పెద్ద అంకె. గ్యాస్ క్రొమటోగ్రఫీలో, అంటే ఏ పదార్థానికి ఆ పదార్థాన్ని వేరుచేసే యంత్రంలో, విడదీసి చూడని అంకెను నేను నమ్మను.

వానాకాలం మన సముద్రపు గాలికి ఈ సబ్బుల మీద చెమటబొట్లు పడతాయి. కొట్టువాడు అవే చూపించి ‘అసలు గ్లిజరిన్ అమ్మా’ అంటాడు. సార్బిటాల్ ఉన్నా అలాగే చెమరుస్తుంది. మనవరాలికి ఒళ్లు పగులుతోందని మా కోడలు ఆ మాట నమ్మే నలభై రూపాయలు ఎక్కువ పెట్టి కొంది.

ఆ పరీక్ష రిపోర్టు కాపీ కోసం ఆ అధికారుల ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ఒకసారి సారు మీటింగ్, ఒకసారి సెలవు, మూడోసారి ‘మీకెందుకండీ ఇవన్నీ’ అన్నారు. కొనేది మేము కాబట్టి! ఏది అడిగినా ఇదే జవాబు ఈమధ్య. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త జి. గోపాలరావు గారు టైట్రేషన్ పద్ధతుల మీద పరిశోధన చేసిన ఊరు ఇది. ఇక్కడ పద్ధతి పేరు అడిగితే విసుక్కుంటారా?

2019 వినియోగదారుల చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్ పంపిన శాంపిల్‌కు 45 రోజుల్లో ల్యాబ్ రిపోర్టు రావాలి. కానీ ఫీజు ఫిర్యాదుదారే కట్టాలి. ఒక్క సబ్బు కోసం అంత ఎవరు కడతారు?

టీఎఫ్‌ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) శాతం రేపరు మీద వేస్తున్నారు కదా. గ్లిజరిన్ పేరు చెప్పి అమ్మేవాళ్లు దాని శాతం, సార్బిటాల్ శాతం కూడా వేయాలి. ముందు మీ విలేకరి గారు మళ్లీ వెళ్లి, ఆ శాంపిళ్లను ఏ పద్ధతిలో పరీక్షించారో అడిగి ప్రచురించాలని మనవి.

— ఒక రిటైర్డ్ కెమిస్టు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం