చెరువు పురుగుల పరిశీలన: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశ తీర్మానం ప్రకారం, మన కాలనీని ఆనుకుని ఉన్న చెరువు ఆరోగ్యాన్ని అందులోని పురుగుల ద్వారా అంచనా వేసే పనిని ఈ ఏడాది వానాకాలానికి ముందూ తర్వాతా చేపట్టాము. సీసాలో పట్టి పరీక్షకు పంపిన నీరు ఆ పూట స్థితినే చెబుతుంది. రాత్రివేళ వదిలిన మురుగు తెల్లవారేసరికి నీటిలో కలిసిపోతే ఆ పరీక్షకు చిక్కకపోవచ్చు. అడుగు బురదలో వారాలు, నెలలు బతికే పురుగులకు ఆ మురుగును తప్పించుకునే దారి లేదు కనుక, ఏవి మిగిలాయో, ఏవి కనుమరుగయ్యాయో చూస్తే గడచిన కాలమంతా నీరు ఎలా ఉందో తెలుస్తుంది. 1970ల చివర్లో బ్రిటన్‌లో రూపొందిన పద్ధతిలో కాలుష్యాన్ని ఏమాత్రం ఓర్చుకోలేని పురుగు కుటుంబాలకు 10 మార్కులు, దేన్నైనా తట్టుకునేవాటికి 1 లేదా 2 వేస్తారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ పద్ధతిని ఇక్కడి పరిస్థితులకు తగినట్టు మార్చి, నీటిని ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు ఐదు తరగతులుగా విభజించింది.

మురుగు కాలువ కలిసే చోట బురదను తెల్లని పళ్లెంలో వంచి చూడగా, దారపు ముక్కల్లాంటి ఎర్రని లార్వాలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ కదిలాయి. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ అడుగంటిన నీటిలోనూ అవి బతకగలిగేది దానివల్లనే. వాటితో పాటు, తోకలాంటి గొట్టాన్ని పైకి చాచి గాలి పీల్చే ఒక రకం ఈగ లార్వాలు తప్ప అక్కడ వేరే పురుగు కనిపించకపోవడం మాకు చాలా బాధ కలిగించింది. మత్తడి వైపు మాత్రం పొట్టకు ఇరువైపులా మొప్పలు ఆడిస్తూ మేఫ్లై లార్వాలు, తూనీగ లార్వాలు, నీటి పెంకు పురుగులు దొరికాయి. నిలకడ నీటిలో పెరిగే మేఫ్లైలు కొంత మురుగును ఓర్చుకుంటాయి కాబట్టి, వాటిని చూసి నీరు శుభ్రమని ప్రకటించలేము. అలాగే, ఎక్కువ మార్కులు పొందే స్టోన్‌ఫ్లై అనే పురుగు చల్లని వాగుల్లో బతికేది కనుక, అది మన చెరువులో లేకపోవడాన్ని లోపంగా లెక్కించలేదు.

వానల తర్వాత మైదానం మీద గుంపులుగా ఎగిరిన తూనీగలను చూసి చెరువు కోలుకుందని పలువురు సభ్యులు సంతోషించారు. అయితే అలా గుంపులు కట్టేవి ఎక్కువగా తాత్కాలిక వాన గుంటల్లో పుట్టి, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వలసపోయే జాతివి. వాటి సంఖ్య మన చెరువు గురించి ఏమీ చెప్పదు. జమ్ము కాడలకు పట్టుకుని ఉండే పొట్టులే అసలు సాక్ష్యం: లార్వా నీటి నుంచి పైకి పాకి, వీపు చీల్చుకుని రెక్కలతో వెళ్లిపోయాక కూడా ఆ పొట్టు కాళ్లు కాడను వదలవు. పూర్తి జీవితం ఇక్కడే గడిచిందనడానికి అదే రుజువు కనుక, జమ్మునంతా తీయించాలన్న వినతిని కార్యవర్గం అంగీకరించక, కట్ట మెట్ల దగ్గర మాత్రమే కోయించింది.

దోమల కోసం నీటిపై నూనె చల్లవద్దని కూడా నిర్ణయించాము. నూనె తెర వల్ల దోమ లార్వాలతో పాటు, వాటిని తినేవీ, గాలి కోసం పైకి వచ్చేవీ అయిన ఇతర నీటి పురుగులు కూడా చస్తాయి.

వలలు, పళ్లేలు, భూతద్దాల ఖర్చు కోశాధికారి సమర్పించే లెక్కల్లో ఉన్నది. మురుగు కాలువను మళ్లించాలని కోరుతూ సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రానికి ఇంకా జవాబు రాలేదు. ఈ పరిశీలన ఫలితాలను జతచేసి మళ్లీ పంపుతున్నాము. తదుపరి పరిశీలన మృగశిర కార్తెకు ముందు జరుగుతుంది. పాల్గొనదలచిన సభ్యులు పిల్లలతో సహా మత్తడి దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాము.

కార్యదర్శి