హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: వేలిముద్రల పద్ధతికి హక్, బోస్‌ల పేర్లూ చేర్చండి

కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. 1897లో బెంగాల్‌లోని జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజర్‌ను ఎవరో గొంతు కోసి చంపి, డబ్బు దోచుకుపోయారు. అనుమానాలు చాలామంది మీదికి పోయాయి. పోలీసులకు మాత్రం ఒక బెంగాలీ పంచాంగం అట్ట మీద గోధుమరంగు మరకలు కనిపించాయి. అందులో ఒకటి కుడి బొటనవేలి ముద్ర. కలకత్తాలో దాచిన పాత ఖైదీల ముద్రలతో పోల్చి చూశారు. అదే మేనేజర్ దగ్గర పనిచేసి, దొంగతనానికి జైలుకు వెళ్లొచ్చిన కంగాళీ చరణ్‌ ముద్రతో అది సరిపోయింది.

1898లో కోర్టు అతనికి దొంగతనానికే శిక్ష వేసింది. హత్యను కళ్లారా చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ నేరం కింద శిక్షించలేదు. నాకు ఆ తీర్పు మీద గౌరవం. ముద్ర ఎంతవరకు చెప్పగలదో అంతవరకే నమ్మారు.

అసలు వేల కాగితాల్లోంచి ఒక్క ముద్రను వెతికి పట్టుకోవడం ఎలా? ఆ చిక్కు విప్పింది సబ్ ఇన్‌స్పెక్టర్ అజీజుల్ హక్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివిన యువకుడు. పది వేళ్లలో సుడి (గుండ్రంగా తిరిగే గీతలు) ఉన్నవాటికి అంకెలు కేటాయించి, ముద్రలన్నీ 1,024 గూళ్లలో పడేలా లెక్క కట్టాడు. ముద్రల వివరాలను టెలిగ్రాఫ్‌లో పంపే సంకేత భాషను ఆయన సహచరుడు హేమచంద్ర బోస్ తయారుచేశాడు. వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ 1901లో ఈ పద్ధతిని లండన్ పోలీసుల కేంద్రమైన స్కాట్లండ్ యార్డుకు తీసుకెళ్లారు. ప్రపంచమంతా దాన్ని ‘హెన్రీ పద్ధతి’ అంది. హక్ చేసిన కృషి ఎంత పెద్దదో హెన్రీ తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులిచ్చింది. పద్ధతి పేరు మాత్రం మారలేదు.

అయ్యా, మనమూ ఇంకా ‘హెన్రీ పద్ధతి’ అనే అంటున్నాం. ఇది మన దేశపు స్టేషన్లలో, మన జీతగాళ్ల చేతుల్లో పుట్టిన విద్య. మీ మంత్రిత్వ శాఖ పాఠాల్లో, కాగితాల్లో దీన్ని ‘హక్–బోస్–హెన్రీ పద్ధతి’ అని రాయించండి. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో వేలిముద్రల పాఠం ఈ కేసుతోనే మొదలుకావాలి. 2022లో మొదలైన జాతీయ వేలిముద్రల వ్యవస్థ ‘నఫీస్’ తెర మీద హక్, బోస్ పేర్లూ కనిపించాలి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, మీ శాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు.

ఇట్లు,
ఒక పౌరుడు