కురుమూర్తి జాతరల మా అత్తమ్మను అప్పజెప్పినోళ్లందరికి

ఉద్దాలనాడు (స్వామి చెప్పులు వచ్చే నాడు) కురుమూర్తి జాతరల తప్పిపోయిన మా అత్తమ్మ ఇల్లు చేరి ఇయ్యాల్టికి తొమ్మిది దినాలు. ఫోన్లు చేసి అడిగినోళ్లకు "దొరికింది, మంచిగనే ఉన్నది" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసిన. ఎట్ల దొరికింది, ఎవరు దొరికిచ్చిండ్రు అనేది చెప్పనీకి అప్పుడు నోరు రాలే. ఇప్పుడు పిల్లలు పండుకున్నంక కూసోని రాస్తున్న. పొడుగైతది. ఓపిక లేనోళ్లు ఆఖరి నాలుగు లైన్లన్న చూడుండ్రి, ఆడ ఒక సాయం అడిగిన.

మా అత్తమ్మకు డెబ్బై దాటినయి. మూడేండ్ల కింద మొదలైంది ఈ మతిమరుపు. ముందు పప్పుల ఉప్పు రెండుమాట్ల ఏసుడు, పొయ్యి బంద్ చెయ్యకుంట వచ్చుడు. ముసలితనం అనుకున్నం. తర్వాత, మామయ్య పోయి ఆరేండ్లు అయిన సంగతి మరిసిపోయి "మీ మామ శేనుకాన్నుంచి ఇంకా రాలేదా" అని అడుగుడు మొదలువెట్టింది. దవాఖానకు తీస్కపోతే డిమెన్షియా అన్నరు. నిన్నమొన్నటియి ముందు పోతయంట, చిన్ననాటియి షానా రోజులు ఉంటయంట. డాక్టరమ్మ చెప్తుంటే తలకాయలు ఊపినం. ఆ మాటకు అర్థమేందో ఉద్దాలనాడు రాత్రి దాంక మాకు తెల్వలే.

పొద్దుగూకిందంటే మా ఇంట్ల రోజూ ఒకటే పంచాయితి. మేముండేది పాలమూరు టౌన్ల, రెండో అంతస్తుల కిరాయి ఇల్లు. అత్తమ్మ సంచిల ఒక చీర, దువ్వెన, సబ్బుబిళ్ల ఏసుకోని తలుపుకాడ నిలవడ్తది. "ఇంటికి పోత. బర్రె పాలు పిండే యాల్లయింది" అంటది. "ఇదే నీ ఇల్లు అత్తమ్మా" అని నేను. "యాడికి పోతవే అమ్మా, బర్రె లేదు ఏం లేదు" అని మా ఆయన. మూడేండ్లు ఇదే. ఆమె ఒక్కనాడు ఒప్పుకోలే, మేము ఒక్కనాడు ఇడిసిపెట్టలే.

జాతరకు తీస్కపోదామన్నది నేనే. ముందే చెప్తున్న, తర్వాత ఎవరో చెప్తే వినేకంటే నయం. అత్తమ్మ పుట్టినిల్లు నర్వ దిక్కు ఒక పల్లె. చిన్నప్పుడు ఏటా ఎడ్లబండి కట్టుకోని కురుమూర్తికి పోతుండెనంట. తిరుపతి పోలేనోళ్లకు అదే తిరుపతి గద. స్వామి కుబేరుని అప్పు కట్టలేక తిరుమల ఇడిసి మన గుట్టలకొచ్చిండని పెద్దలు చెప్పే కథ. అప్పుల బాధ ఎరిగినోడు గాబట్టే పాలమూరోళ్లను ఒళ్లెకు తీసుకుండు అని మా మామయ్య నవ్వుతుండె. ఎన్నడు ఏది మరిసినా అత్తమ్మ కురుమూర్తి పేరు మరవలే. దీపావళి దీపాలు పెట్టంగనే "ఉద్దాలెప్పుడు?" అని అడిగింది. మూడేండ్లల్ల ఆమె నోట్లెకెళ్లి సరిగ్గా టైముకు వచ్చిన మాట అదొక్కటే. అందుకని పోదామన్న.

మా వదిన (ఆడపడుచు) దేవరకద్రల మాతోని కలిసింది. నేను, మా ఆయన, అత్తమ్మ, పిల్లలిద్దరు, వదిన. కొత్త కుండల దాసంగం (స్వామికి పెట్టే బువ్వ) వండినం, పచ్చిపులుసు చేసినం. అత్తమ్మ తిన్నది. పిల్లలకు చెయ్యి చూపిచ్చి చిన్నవడ్డెమాన్ దిక్కు నుంచి ఉద్దాలు వస్తయి, అవి స్వామి చెప్పులు, చెప్పులు కుట్టేటోళ్లు నియమంతోని ఉండి చేస్తరు, అవి నెత్తికి తాకితే పాపం పోతది, అన్నీ వరుసగ చెప్పింది. మా పెద్దోడు "నానమ్మకు నయమైంది" అన్నడు. నాకూ అట్లనే అనిపిచ్చింది. ఆ అనిపిచ్చుడే కొంప ముంచింది.

ఉద్దాలు దగ్గరికొచ్చినయని జనం ఒక్కపారి ముందుకు ఉరికిండ్రు. నా ఎడమ చేతుల అత్తమ్మ చెయ్యి, కుడి చేతుల చిన్నదాని చెయ్యి. చిన్నదాని చెప్పు జారింది. ఒంగిన. లేచిన. ఎడమ చేతుల ఎవరు లేరు. అంతే. దీన్ని ఎన్ని తీర్ల చెప్పినా ఇంతకన్నా ఎక్కువ లేదు.

నాలుగున్నర అయితుండె అప్పుడు. తొమ్మిదింటికి దొరికింది. నడుమ నాలుగున్నర గంటలు.

మైకుల చెప్పించినం. ఆ మైకు తమ్ముడికి మొదటి దండం. పావుగంటకొకసారి, గొంతు పోయినా, ఒక్కసారి ఇసుక్కోకుంట పిలిచిండు. "పాలమూరు టౌను నుంచి వచ్చిన ఫలానా అమ్మ, వయసు డెబ్బై రెండు, నీలం రంగు చీర, మీ కొడుకు మైకు కాడ ఉన్నడు." పోలీసు చెల్లె ఒకామె నా పక్కన కూసోని నా ఫోన్ల ఫోటోలు చూసింది. పొద్దున బస్సుల దిగిన సెల్ఫీల అత్తమ్మ చీర, జాకిటి కనవడుతుంటే అదే తన వాళ్లందరికి పంపింది. పాత ఫోటో కంటే అదే పనికొస్తది అన్నది. ఆమె డ్యూటీ అయిపోయినా పోలే, రోటీ కట్టుకొచ్చుకున్నది సగం మా పిల్లలకు పెట్టింది. చాయ్ బండి అన్న పిల్లలను తన గల్లపెట్టె పక్కన కూసోబెట్టుకోని "మీరు పోయి ఎతకుండ్రి, ఈళ్లు యాడికి పోరు" అన్నడు. గుట్ట మీద ఎతికినం, మెట్ల మీద ఎతికినం, రంగులరాట్నాల కాడ, మిఠాయి దుకాన్ల కాడ ఎతికినం. ఒకాయన నేను ఏడుస్తుంటే వీడియో తీసిండు. ఆయనకు ఏం చెప్పాల్నో నాకు తెల్వది, రాసుడు కూడ దండుగ.

జనం ఎక్కువై ఫోన్లు కలుస్తలేవు. మా ఆయన సిగ్నల్ కోసం రోడ్డుమీదికి పోయిండు. ఆడ ఆయన ఫోన్ మోగింది. చేసింది ఎవరంటే, నర్వ దిక్కు పల్లెల ఉన్న అత్తమ్మ తమ్ముని కొడుకు. "బావా, మా అత్త జాతరల గాజుల దుకానం కాడ ఉన్నదంట గదా, మీరేడున్నరు?" అన్నడంట. జాతరల మేము ఎతుకుతుంటే, జాతరకు రానోడు ఇంట్లకెళ్లి ఫోన్ చేసి చెప్తున్నడు!

సంగతి ఏందంటే, ట్రాక్టర్లు ఆపిన కాడ, జాతరకు ఒక మూలకు, గాజులు అమ్మే ఒక బూబమ్మ ఉన్నది. ఆమె దగ్గర పోయి కూసున్నది అత్తమ్మ. పక్కనే బండ్లు ఇడిసిన జాగ కాబట్టి వాళ్ల నాయిన బండి ఆడ్నే ఉంటదనుకున్నదో ఏమో. బూబమ్మ ముందు అందరు అడిగినట్లే అడిగిందంట. ఇల్లేడ, కొడుకు పేరేంది, ఫోన్ నంబరెంత. ఒక్కదానికి జవాబు లేదు. మైకుల పిలుస్తనే ఉన్నరు, ఆ పిలుపు బూబమ్మకు సగం ఇనవడ్డదంట. "నిన్నేనా అమ్మా పిలిచేది, పాలమూరు టౌనా నీది?" అని అడిగిందంట. "నాది పాలమూరెందుకైతది" అన్నదంట మా అత్తమ్మ. కొడుకు ఉన్నడా అంటే "నాకింకా పెండ్లే కాలే" అన్నదంట.

ఇట్లాంటి మాట ఇంటే నేనైతే ఏం చేస్తుంటినో నాకెరుకే. "పెండ్లి కాకపోవుడేంది, నీకు మనుమలున్నరు" అని మొదలువెడ్తుంటి. బూబమ్మ అట్ల అనలే. "అట్లనా బిడ్డా, మరి ఎవరింటి పిల్లవే నువ్వు?" అని అడిగింది.

దానికి మాత్రం జవాబు సర్రున వచ్చింది. ఊరు పేరు, నాయిన పేరు, "చింతచెట్టోళ్లు" అని వాళ్ల ఇంటికున్న పిలుపు పేరు, ఇంటి ముందర బాయి. అరవై ఏండ్ల కిందటి అడ్రసు తప్పు లేకుంట చెప్పింది. బూబమ్మ పక్కనున్న ట్రాక్టర్ పోరగాండ్లను పిలిచి "పోయి నర్వ దిక్కోళ్లు ఎవరన్న దిగిండ్రేమో అడుగుండ్రి" అని తోలింది. ముగ్గురు పోరగాండ్లు, ఇరవై ఏండ్లు కూడ ఉండయి, పొయ్యి పొయ్యికి తిరిగి అడిగిండ్రంట. ఆఖరికి ఒక పెద్దమనిషి అన్నం తినేటోడు లేచొచ్చి, దీపం దగ్గర పెట్టి మొకం చూసి "చింతచెట్టోళ్ల ఆడబిడ్డ గదనే నువ్వు!" అన్నడంట. అత్తమ్మ ఆయనను గుర్తుపట్టలే గని, ఆ మాటకు మస్తు సంబరపడ్డదంట. ఆయన దగ్గర మా నంబర్ లేదు. ఫోన్ కలిసేదాంక గుట్ట దాపు వదిలి దూరం నడిచి తన కొడుక్కు చేసిండు, ఆ కొడుకు అదే ఊర్ల చింతచెట్టోళ్ల ఇంటికి నడిచిపోయి చెప్పిండు, వాళ్లు మా ఆయనకు చేసిండ్రు. ఉన్న మనిషి ఉన్నట్లు కిలోమీటర్ లోపల ఉంటే, కబురు మాత్రం ఒక ఊరు తిరిగొచ్చింది.

మేము ఉరికి పోయేసరికి అత్తమ్మ గోనెసంచి మీద బాసిపెట్లు ఏసుకోని కూసున్నది. రెండు చేతులకు పచ్చగాజులు. ఆరుకు ఆరు, డజను.

మా వదిన ఆగిపోయింది. మామయ్య పోయిన నాడు అత్తమ్మ చేతుల గాజులు తీసినప్పుడు పక్కన ఉన్నది వదినే. నా గుండె కూడ జల్లుమన్నది, అబద్ధమెందుకు. బూబమ్మ మా మొకాలు చూసి చిన్నగ అన్నది. "మెడ చూసిన బిడ్డా, కాళ్లు చూసిన, నాకు సమజైంది. గని పచ్చగాజులు కావాలె, మా నాయిన పైసలిస్తడు అని చెయ్యి చాపింది. చిన్నపిల్ల అడిగినట్లు అడిగింది. నేనెట్ల లేదనాలె?" వదిన ఏం మాట్లాడలే. పోయి అత్తమ్మ పక్కన కూసోని ఆ గాజులను ఒకటొకటి సదిరింది.

లేపనీకి పోతే అత్తమ్మ లెవ్వనన్నది. "మా నాయిన బండి వస్తది" అన్నది. అప్పుడు కూడ మా ఆయన "అమ్మా, తాత లేడే" అనబోయిండు. బూబమ్మ కండ్లతోని ఆపింది. "మీ నాయిన పంపిండంట బిడ్డా ఈ అబ్బాయిని. బండి అటు రోడ్డుమీద ఉన్నదంట, పో" అన్నది. అత్తమ్మ లేచి మా ఆయన చెయ్యి పట్టుకున్నది. రోడ్డుమీద ఉన్నది ఆటో. ఆ ఆటో అన్న దేవరకద్ర దాంక తోలి పైసలు తీసుకోలే. "ఇయ్యాల ఉద్దాలు, నాకు రాసి ఉన్నది" అన్నడు. ఎక్కేటప్పుడు ఆమెను "దా అమ్మా, బండెక్కు" అన్నది కూడ ఆయనే. ఎవరు చెప్పిండ్రో ఆయనకు.

మా చుట్టాలల్ల కొందరు "అట్లాంటి మనిషిని జాతరకెందుకు తీస్కపోయిండ్రు" అన్నరు. వాళ్లనుడు తప్పని నేననను. నా చెయ్యే జారింది. గని నన్ను ఒక్క మాట అనంది మా వదిన. దేవరకద్రల దిగంగ నా ఎడమ చెయ్యి పట్టుకోని "నీకు రెండే చేతులున్నయి, చెల్లె" అన్నది. ఆ రాత్రి నేను ఏడ్చింది ఆ మాటకే. నీకు కూడ ఇందులనే చెప్తున్న వదినా, ఎదురుంగ చెప్తే నువ్వు వద్దంటవు.

వచ్చిన తెల్లారి అత్తమ్మ జాకిట్లన్నిటికి లోపలిదిక్కు బట్టముక్క కుట్టిన. దానిమీద మా ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన. వాటి కింద ఆమె పుట్టినూరు, "చింతచెట్టోళ్లు" అని కూడ రాసిన. ఇంట్ల ఇట్లాంటి పెద్దోళ్లు ఉన్నోళ్లు ఈ పని చెయ్యుండ్రి. బయటికి పోయే ముంగట ఒక ఫోటో తియ్యుండ్రి. తప్పిపోతే 112, పెద్దోళ్ల కోసమే ఉన్న 14567, రెండు నంబర్లు ఫోన్ల పెట్టుకోండ్రి. ఆ 14567 నంబరు ఉన్నదని నాకు పోలీసు చెల్లె చెప్తేనే తెల్సింది.

పొద్దుగూకితే ఇప్పుడు కూడ సంచి పట్టుకోని తలుపుకాడ నిలవడ్తది. "పోదాం తియ్, బువ్వ తిని పోదాం, బండి ఇంకా రాలే" అంటున్న. కూసుంటది. బండి గురించి, ఎడ్ల పేర్ల గురించి, వాళ్ల నాయిన జాతరల కొనిచ్చిన ఈల గురించి చెప్తది. మా చిన్నది పక్కన కూసోని ఇంటది. తిన్నంక పోవుడు మరిసిపోతది. అన్ని దినాలు కాదు. మొన్న ఒకనాడు పదకొండింటి దాంక నిలవడ్డది.

ఇగ నేను అడగాల్సిన సాయం. ఆ హడావిడిల బూబమ్మ పేరు అడగలే. ఆమెకు గాజుల పైసలు ఇయ్యలే. ఇయ్యబోతే "వాళ్ల నాయిన ఇస్తడు" అని నవ్వి సంచి కట్టుకున్నది. ఏటా కురుమూర్తికి, మన్యంకొండకు కూడ దుకానం పెడ్తనని ట్రాక్టర్ పోరగాండ్లతోని అన్నదంట. ట్రాక్టర్లు ఆపిన దిక్కు, వేపచెట్టు కింద, గాజుల బుట్టలు గోనెల మీద పరిచి అమ్మేది. మీకెవరికన్న ఎరుకైతే మా సంగతి చెప్పుండ్రి, మాకు కబురు పెట్టుండ్రి. ఆ ముగ్గురు పోరగాండ్లు, అన్నం ముందరకెళ్లి లేచొచ్చిన పెద్దమనిషి ఇది చూస్తే వాళ్లు కూడ ఒక్కసారి ఫోన్ చెయ్యాలె. మా ఇంట్ల ఒకపూట తినిపోవాలె.

డజన్ల రెండు గాజులు గిన్నెలు కడుగుతుంటే పగిలినయి, ఎంత చెప్పినా కడుగుతనే అంటది. పది ఉన్నయి. అవి ఎవ్వరం తియ్యలే.