జంతు ప్రయోగాల చట్టంలో జరిమానా ఇంకా రెండు వందలేనా?

సంపాదకుల గారికి నమస్కారం.

మా ఇంట్లో ఉన్న బీగిల్ కుక్క చెవి లోపల పచ్చబొట్టుతో పొడిచిన నంబరు ఒకటి ఉంది. అది పుట్టి పెరిగింది మందులు పరీక్షించే ప్రయోగశాలలో. మూడేళ్ల కిందట జంతు సంరక్షకులు కొందరు తెచ్చి మాకు అప్పగించారు. మెట్లెక్కడం నేర్చుకోవడానికే దానికి పదిహేను రోజులు పట్టింది. ఇప్పటికీ మాత్ర వేద్దామని మూతి పట్టుకుంటే మిగతా కుక్కల్లా పెనుగులాడదు. బిగుసుకుపోయి నిలబడుతుంది. మందు పట్టించే గొట్టం కడుపులోకి దిగేదాకా కదలకూడదని దానికి ఎప్పుడో అలవాటు చేశారు.

ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఆ గొట్టం సంగతి నాకు కొత్త కాదు. కొత్త మందును మనుషులకిచ్చే ముందు రెండు రకాల జంతువుల మీద దాని విషప్రభావం చూస్తారు. ఒకటి ఎలుక జాతిది, రెండోది ఆ జాతి కానిది. ఆ రెండో స్థానంలో ఎక్కువగా నిలబెట్టేది బీగిల్‌నే. చిన్న కుక్క, సాధు స్వభావం, నొప్పి పెట్టిన చేతినే మళ్లీ నాకుతుంది. దాని మంచితనమే దాని కొంప ముంచింది. వారాల తరబడి, నెలల తరబడి రోజూ మందు పట్టించి, చాలాసార్లు చివరికి చంపి, గుండె, కాలేయం, మూత్రపిండాలు కోసి చూస్తారు. నేను రోజూ పొద్దున వేసుకునే బీపీ మాత్ర వెనకా ఇలాంటి జంతువులే ఉన్నాయి. అది దాచిపెట్టి ఈ ఉత్తరం రాయలేను.

ప్రయోగాలన్నీ రేపే ఆపేయమని నేను అడగడం లేదు. నా గొడవ చట్టంతో. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 14వ సెక్షన్‌లో ప్రయోగాలను అనుమతించింది. వాటి మీద కన్నేసి ఉంచడానికి అవసరమైతే కేంద్రం ఒక కమిటీని పెట్టొచ్చంది. చిన్న జంతువులతో ఫలితం వచ్చే చోట పెద్ద జంతువుల జోలికి పోవద్దని 17వ సెక్షన్‌లో చెప్పింది. ఇంతవరకూ బాగానే ఉంది. 20వ సెక్షన్ చూడండి. ఆ కమిటీ ఆదేశాన్ని ధిక్కరించినా, అది పెట్టిన షరతును ఉల్లంఘించినా జరిమానా ఎంతో తెలుసా? ఎక్కువలో ఎక్కువ 200 రూపాయలు! మా కూకట్‌పల్లిలో ఆ డబ్బుకి ఇద్దరికి సరిపడా బిర్యానీ కూడా రాదు. ప్రయోగాలు ఆపించే అధికారం కమిటీకి ఉంది, కాదనను. కానీ ఆపమన్నా ఆపకపోతే పడే శిక్ష ఇదీ. 2022 నవంబరులో చట్ట సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టారు కానీ అది చట్టం కాలేదు.

అసలు ఈ చట్టం ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. చెన్నైలోని నాట్య పాఠశాల కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ 1950లలో రాజ్యసభలో, ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యురాలిగా తానే ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే బిల్లు తెస్తుందని నెహ్రూ హామీ ఇస్తే ఆవిడ తన బిల్లు వెనక్కి తీసుకున్నారు. నామినేటెడ్ సభ్యురాలు, వెనక పార్టీ లేదు. అయినా పని జరిగింది.

అమెరికాలోనూ అంతే. 1965లో పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్క ఇంటి నుంచి మాయమై, చేతులు మారి, న్యూయార్క్ ఆసుపత్రి ప్రయోగశాలలో చచ్చిపోయింది. జోసెఫ్ రెస్నిక్ అనే కాంగ్రెస్ సభ్యుడు బిల్లు పెట్టాడు. మరుసటి ఏడాది ఒక పత్రిక, ప్రయోగశాలలకు కుక్కల్ని అమ్మే వ్యాపారుల కొట్టాల ఫొటోలు వేసేసరికి జనం ఉత్తరాలతో ముంచెత్తారు. 1966 ఆగస్టులో చట్టమైంది. నిజానికి ఆ తొలి చట్టం కుక్కల దొంగతనాలనీ వ్యాపారులనీ పట్టుకుంది గానీ ప్రయోగం జోలికి పోలేదు. అయినా తలుపు తెరుచుకుంది.

మన దగ్గర సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014లో నిషేధించారు. కొత్త మందుల నిబంధనల్ని 2023లో సవరించి, కణాలతో, అవయవంలా పనిచేసేలా కణాలు పెంచిన చిన్న చిప్‌లతో, కంప్యూటర్ నమూనాలతో చేసే పరీక్షలకూ చోటిచ్చారు. చోటిచ్చారంతే, వాటినే వాడాలని అనలేదు. కంపెనీ నిబంధన ఎంతవరకు అడిగితే అంతవరకే చేస్తుంది. అందుకే కంపెనీ గేటు ముందు కొవ్వొత్తులు పట్టుకున్న మా జంతు ప్రేమికులకి నేను చెప్పేదొకటే: ఎంపీ ఇంటికి పదండి.

శామీర్‌పేట దగ్గర, మందుల, టీకాల పరిశోధన సంస్థలుండే జీనోమ్ వ్యాలీ ఉన్నది మన గడ్డ మీదే. రెండు రాష్ట్రాలకీ కలిపి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు రోడ్డు, డ్రైనేజీలతో పాటు ఈ మూడూ అడగండి. 20వ సెక్షన్ జరిమానా మారుస్తారా? ఏటా ఎన్ని కుక్కల్ని వాడారో, బ్రిటన్ ప్రభుత్వం ప్రచురిస్తున్నట్టు, జాతుల వారీగా లెక్క సభ ముందు పెట్టిస్తారా? వేరే పద్ధతి ఉన్నచోట కుక్కను వాడకూడదని నిబంధనలో రాయిస్తారా? మా ఎంపీ గారికి ఈ మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. వచ్చే నెల మళ్లీ పంపుతాను, ఈసారి మా కాలనీ వాళ్ల సంతకాలతో.

— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్